గేరు మార్చనక్కరలేని చిన్న బండి

1973 సెప్టెంబరు 28న ‘బాబీ’ అనే హిందీ సినిమా విడుదలైంది. రాజ్‌కపూర్ తీసిన ఆ సినిమాలో కథానాయకుడు రిషీకపూర్ ఒక పొట్టి మోటారు సైకిలు మీద తిరుగుతాడు. చక్రాలు చిన్నవి, సీటు నేలకు దగ్గర. చూడగానే పిల్లల బొమ్మ బండిలా ఉంటుంది. దాని అసలు పేరు రాజ్‌దూత్ జి.టి.ఎస్. 175. జనం మాత్రం దాన్ని ‘బాబీ బండి’ అనే పిలిచారు. దాన్ని తయారుచేసింది ఢిల్లీకి దక్షిణాన ఉన్న ఫరీదాబాద్ నగరంలోని ఎస్కార్ట్స్ కంపెనీ. మన దేశంలో ‘మినీ బైకు’ అన్న మాటకు బాగా తగిన మొదటి బండ్లలో ఇదొకటి.

అయితే దాని పొట్టలో ఉన్నది బొమ్మ ఇంజను కాదు. పెద్ద రాజ్‌దూత్‌లో ఉండే 173 సి.సి. రెండు స్ట్రోకుల ఇంజనే. దానికి మూడు గేర్లు, చేత్తో నొక్కే క్లచ్, కాలితో మార్చే గేరు మీట ఉండేవి. అదే కాలంలో అమెరికాలో పిల్లలు నడిపే మినీ బైకుల్లో చాలావాటికి గేరు మీటే లేదు. కొన్నిటిలో ‘టార్క్ కన్వర్టర్’ అనే బెల్టు యంత్రం గేరు పనిని తనంతట తానే చేసేది. ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలు? దీనికి జవాబు వెతికితే ఒక యంత్రం కథతో పాటు, బండిని ఎవరు నడపగలరు, ఆ సౌకర్యానికి ఎంత ఖర్చు పెట్టగలరు అన్న సంగతి కూడా తెలుస్తుంది.

శరణార్థుల ఊరు, యంత్రాల ఊరు

ఫరీదాబాద్ పాత ఊరే. మొగలు చక్రవర్తి జహంగీరు కోశాధికారి షేక్ ఫరీద్ 1607లో దాన్ని నెలకొల్పాడని చెబుతారు. నేటి పారిశ్రామిక నగరం మాత్రం దేశ విభజన తర్వాత పుట్టింది. వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన వేలాది శరణార్థుల కోసం 1949 నుంచి ఇక్కడ కొత్త పట్టణం కట్టారు. ఆ అభివృద్ధి బోర్డుకు బాబూ రాజేంద్రప్రసాద్ అధ్యక్షులు. కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారు సహకార పద్ధతిలో శరణార్థులకు పని కల్పించడానికి పాటుపడ్డారు. ఇళ్ళు కట్టుకున్న చేతులే తర్వాత కర్మాగారాల్లో పనికి కుదిరాయి.

ఎస్కార్ట్స్ కథ కూడా ఇలాంటిదే. హరప్రసాద్ నందా, యుది నందా సోదరులు 1944లో లాహోరులో ప్రారంభించిన వ్యాపారం విభజనతో ఢిల్లీకి తరలింది. తర్వాత ఫరీదాబాద్‌లో ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళు తయారయ్యాయి. 1960 దశకం తొలి సంవత్సరాల్లో, పోలండ్ దేశపు ఎస్.హెచ్.ఎల్. మోటారు సైకిలు నమూనాతో రాజ్‌దూత్ వచ్చింది. గట్టి బండి. పాలక్యాన్లు కట్టుకుని పల్లె దారుల్లో తిరిగేవారికి అది బాగా అచ్చివచ్చింది. ఆ కుటుంబంలో పుట్టిన చిన్న బండే మన బాబీ బండి.

గేరు ఎందుకు?

ముందుగా ఒక మౌలికమైన ప్రశ్న. ఎద్దుల బండికి గేరు లేదు. పెట్రోలు బండికి ఎందుకు కావాలి?

ఎద్దు నిలబడిన చోటు నుంచే పూర్తి బలంతో లాగగలదు. పెట్రోలు ఇంజను అలా లాగలేదు. నిమిషానికి వెయ్యికి పైగా తిరిగితే తప్ప అది నిలకడగా నడవదు. మంచి బలం రావాలంటే ఇంకా వేగంగా తిరగాలి. బండి కదలని స్థితిలో చక్రం వేగం సున్నా. అంటే, తిరుగుతున్న ఇంజనునూ, తిరగని చక్రాన్నీ కలపాలి. ఆ కలయికలో ఇంజను వేగాన్ని తగ్గించి, తిప్పే బలాన్ని పెంచాలి. ఈ తిప్పే బలాన్నే టార్క్ అంటారు. మూతను బిగించినప్పుడు మీ చేయి ప్రయోగించేది టార్కే.

చిన్న బండ్లలో ఈ పనికి మూడు మార్గాలున్నాయి. మొదటిది, బాబీ బండిలా పళ్ళ చక్రాల గేర్లు. రెండవది, ఒకే ఒక నిష్పత్తి, దానికి అపకేంద్ర క్లచ్. ఇంజను వేగం పెరిగినప్పుడు క్లచ్ దిమ్మెలు బయటికి జరిగి డ్రమ్మును పట్టుకుంటాయి. మన దేశంలో 1972లో వచ్చిన లూనా, 1980లో హోసూరు నుంచి వచ్చిన టి.వి.ఎస్. 50 ఈ మార్గంలోనివే. బియ్యం మూటలు, కూరగాయల బుట్టలు మోస్తూ మన ఊళ్ళలో తిరిగే మోపెడ్లను చూడనివారు ఉండరు. మూడవది టార్క్ కన్వర్టర్ అనే బెల్టు పద్ధతి.

పేరు తెచ్చిన చిక్కు

‘టార్క్ కన్వర్టర్’ అనగానే మెకానికల్ ఇంజనీరింగు విద్యార్థి వేరే యంత్రాన్ని తలచుకుంటాడు. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంటు తీసుకున్న యంత్రం అది. అందులో ఒక పంపు నూనెను విసిరితే, ఆ నూనె ఎదుటి టర్బైను రెక్కలను తిప్పుతుంది. ఫోటింగర్ దాన్ని ఓడల కోసం రూపొందించాడు. 1948లో అమెరికాలో బ్యూయిక్ కార్లలో చేరాక అది ఆటోమాటిక్ కార్లకు గుండెకాయ అయింది.

మినీ బైకుల వాళ్ళు టార్క్ కన్వర్టర్ అనేది దీన్ని కాదు. వాళ్ళ యంత్రంలో నూనె చుక్క కూడా ఉండదు. ఉన్నది రెండు కప్పీలు, ఒక రబ్బరు వి-బెల్టు. శాస్త్రీయంగా దాని పేరు ‘నిరంతరం మారే నిష్పత్తి గల బెల్టు ప్రసారం’. స్కూటర్ల మెకానిక్కులు దాన్నే ‘వేరియేటర్’ అంటారు. పని ఒకటే కనుక పేరు అంటుకుపోయింది. ఇక్కడ మనం చెప్పుకునేది ఈ బెల్టు యంత్రం గురించే.

నూరేళ్ళు దాటిన ఆలోచన

బెల్టుతో గేరు పని చేయించాలన్న ఆలోచన మోటారు సైకిలుతో పాటే పెరిగింది. 1908 ప్రాంతంలో ఇంగ్లండులో జెనిత్ కంపెనీ ‘గ్రాడువా’ అనే పద్ధతి తెచ్చింది. నడిపేవాడు ఒక హ్యాండిలు తిప్పితే ఇంజను కప్పీ వెడల్పు మారేది. బెల్టు వదులు కాకుండా వెనుక చక్రం కూడా ముందుకో వెనక్కో జరిగేది. కొండ ఎక్కే పోటీల్లో ఒకే గేరు ఉన్న బండ్లకు అది అందకపోవడంతో కొన్ని పోటీల్లో దాన్ని నిషేధించారు. కంపెనీ తక్కువ తినలేదు. ‘నిషిద్ధం’ అన్న మాటనే తన వ్యాపార చిహ్నంలో పెట్టుకుంది!

తర్వాత రడ్జ్ కంపెనీ ‘మల్టీ’ బండి వచ్చింది. ఇంజను కప్పీ, చక్రం కప్పీ రెండూ ఒకే మీటతో మారేవి. 1914లో మాన్ దీవిలో జరిగిన ప్రసిద్ధ సీనియర్ టి.టి. పందెంలో సిరిల్ పుల్లిన్ ఈ బండి మీదే గెలిచాడు. అయినా ఆనాటి తోలు, రబ్బరు గుడ్డ బెల్టులు వానలో జారేవి, త్వరగా తెగేవి. గొలుసు, గేరు పెట్టె మెరుగయ్యాక బెల్టు వెనకబడింది.

రెండవ అంకం అమెరికాలో. 1938లో కాలిఫోర్నియాలోని సాల్స్‌బరీ కంపెనీ తన స్కూటర్‌కు మనిషి చేయి అవసరం లేకుండా తనంతట తానే మారే బెల్టు కప్పీలు అమర్చింది. 1958లో నెదర్లాండ్స్‌లో హబ్ వాన్ డోర్న్ ఇదే సూత్రాన్ని ‘డాఫ్’ కారులో పెట్టాడు. ముందుకు ఎంత వేగంగా పోగలదో వెనక్కీ అంత వేగంగా పోగల కారుగా అది పేరు పడింది. గడ్డి కోసే యంత్రాల ఇంజన్లతో అమెరికాలో మినీ బైకులు పుట్టుకొచ్చిన 1960, 70 దశకాల్లో ఈ బెల్టు యంత్రం చిన్న పరిమాణంలో వాటికీ చేరింది.

ఎలా పనిచేస్తుంది?

రెండు పళ్ళాలను వెనుక వైపులు ఎదురెదురుగా ఉండేలా పెట్టారనుకోండి. వాటి మధ్య వి ఆకారపు గాడి ఏర్పడుతుంది. పళ్ళాలు దూరంగా ఉంటే బెల్టు గాడి అడుగున, చిన్న వృత్తంలో తిరుగుతుంది. పళ్ళాలను దగ్గరకు నొక్కితే బెల్టు పైకి ఎగబాకి పెద్ద వృత్తంలో తిరుగుతుంది. కప్పీ వ్యాసం మారిందన్నమాట.

ఇంజను వైపు కప్పీలో చిన్న బరువులుంటాయి. ఇంజను వేగం పెరిగితే అవి బయటికి జరిగి పళ్ళాలను దగ్గరకు నెడతాయి. బెల్టు పొడవు మారదు కదా! అందుచేత వెనుక కప్పీలో పళ్ళాలు స్ప్రింగును నొక్కుకుంటూ విడిపోతాయి. ముందు కప్పీ పెద్దదై, వెనుక కప్పీ చిన్నదై బండి వేగం అందుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వెనుక కప్పీలోని ఏటవాలు గాడి, బరువు పెరిగిన సంగతిని ‘గ్రహించి’ పళ్ళాలను మళ్ళీ దగ్గరకు తెస్తుంది. గేరు తగ్గించినట్టే అవుతుంది. మీటలు లేవు, ఆలోచన లేదు. అపకేంద్ర బలానికీ స్ప్రింగుకూ మధ్య జరిగే బేరమే గేరును నిర్ణయిస్తుంది.

ఒక లెక్క వేద్దాం

మేలు ఎంతో అంకెల్లో చూద్దాం. చక్రం వ్యాసం 40 సెం.మీ. ఉన్న మినీ బైకు తీసుకోండి. చక్రం ఒకసారి తిరిగితే బండి సుమారు 1.26 మీటర్లు కదులుతుంది. ఇంజను గరిష్ఠ వేగం నిమిషానికి 3600 భ్రమణాలు. క్లచ్ పూర్తిగా పట్టే వేగం 2000 భ్రమణాలు అనుకుందాం.

మొదట ఒకే నిష్పత్తి, అపకేంద్ర క్లచ్ ఉన్న బండి. ఇంజను 8 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. గరిష్ఠ వేగం గంటకు 34 కి.మీ. క్లచ్ పట్టే వేగం దగ్గర గంటకు దాదాపు 19 కి.మీ. దీని అర్థం గమనించారా? గంటకు 19 కి.మీ. కంటే తక్కువలో నడిచినంత సేపూ క్లచ్ జారుతూనే ఉంటుంది. జారితే ఘర్షణ, ఘర్షణ వల్ల వేడి. సంతలో, ఇసుకలో, ఎత్తు మీద మెల్లగా నడిపితే క్లచ్ మాడిపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు అదే బండికి బెల్టు యంత్రం పెడదాం. మినీ బైకుల యంత్రాల్లో నిష్పత్తి సుమారు 2.7 నుంచి 0.9 దాకా మారుతుంది. బయలుదేరేటప్పుడు మొత్తం నిష్పత్తి 8 × 2.7 = 21.6. ఇంజను 2000 భ్రమణాలకు చేరేసరికి బండి వేగం గంటకు 7 కి.మీ. మాత్రమే. మనిషి వడిగా నడిచే వేగం అది. జారుడు అక్కడితో సరి. పైవైపు మొత్తం నిష్పత్తి 7.2. గరిష్ఠ వేగం గంటకు సుమారు 38 కి.మీ. అంటే ఒకే యంత్రంతో అడుగున బలమూ, పైన వేగమూ రెండూ పెరిగాయి. బయలుదేరేటప్పుడు చక్రం మీద తిప్పే బలం, నష్టాలు పక్కన పెడితే, 2.7 రెట్లు. చిన్న ఇంజను, బరువైన మనిషి, ఎత్తయిన దారి ఉన్న చోట ఇది సామాన్యమైన లాభం కాదు.

నాణేనికి రెండో వైపు

బెల్టు చేసే మేలు ఉచితంగా రాదు. గాడిలోకి దిగుతూ, పైకి లేస్తూ, వంగుతూ, కాస్త జారుతూ బెల్టు ప్రతి క్షణం కొంత శక్తిని వేడిగా మారుస్తుంది. మంచి గేరు పెట్టె, గొలుసు కలిసి ఇంజను శక్తిలో నూటికి 90కి పైగా చక్రానికి అందిస్తాయి. రబ్బరు బెల్టు పద్ధతిలో అది సాధారణంగా 80 నుంచి 90 మధ్య ఉంటుంది. గేరు బండి దక్షత 93, బెల్టు బండి దక్షత 85 అనుకుని, మిగతావన్నీ సమానమనుకుంటే, లీటరుకు 50 కి.మీ. ఇచ్చే బండి 46 కి.మీ. దగ్గర ఆగుతుంది. అయితే బెల్టు ఇంజనును దానికి అనువైన వేగంలో ఉంచగలదు. గేరు సరిగా మార్చడం రాని వాడి చేతిలో ఈ తేడా కొంత తగ్గుతుంది.

రెండవది, బెల్టు అరిగిపోయే వస్తువు. చాలా స్కూటర్లలో ఇరవై వేల కిలోమీటర్లు దాటాక దాన్ని మార్చాలి. దుమ్ము, నూనె, నీరు దానికి శత్రువులు. ఎండాకాలం వడగాలీ, ధూళీ కలిసి వీచే ఫరీదాబాద్ వంటి చోట మూత లేని మినీ బైకు బెల్టు ఎంత కష్టపడాలో ఊహించండి. గొలుసు తెగితే ఊళ్ళో సైకిలు షాపువాడైనా అతికించగలడు. బెల్టు తెగితే కొత్తది దొరికేదాకా బండి నెట్టుకుంటూ పోవలసిందే.

మూడవది భద్రతకు సంబంధించినది. గేరు బండి పల్లంలో దిగేటప్పుడు తక్కువ గేరులో వేస్తే ఇంజనే బ్రేకులా పనిచేస్తుంది. బెల్టు బండిలో ఆ సాయం తక్కువ. వేగం బాగా తగ్గితే క్లచ్ విడిపోయి అసలే ఉండదు. తిరుమల, శ్రీశైలం ఘాట్ రోడ్ల మీద స్కూటరు దింపేవారు బ్రేకులు వేడెక్కకుండా మధ్యలో ఆగడం మంచిదనేది ఇందుకే. బ్యాటరీ దిగిపోయినప్పుడు బండిని నెట్టి స్టార్టు చేయడమూ కుదరదు. చక్రం తిరిగినా క్లచ్ పట్టదు కనుక ఇంజను కదలదు.

ఫరీదాబాద్ గేరునే ఎందుకు ఉంచుకుంది?

ఇప్పుడు బాబీ బండి దగ్గరకు తిరిగి వద్దాం. దానిలో ఇంజను, గేరు పెట్టె ఒకే డొక్కలో కలిసి ఉంటాయి. పెద్ద రాజ్‌దూత్ కోసం అచ్చులు, పనిముట్లు, విడిభాగాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ఆ ఇంజను తెలిసిన మెకానిక్కులు ఊరూరా ఉన్నారు. బెల్టు యంత్రం పెట్టాలంటే ఇవన్నీ వదులుకుని కొత్త భాగాలు, మంచి బెల్టులు సమకూర్చుకోవాలి. దిగుమతులకూ, ఉత్పత్తికీ లైసెన్సులు అవసరమైన రోజులవి. పైగా 173 సి.సి. ఇంజనుకు అడుగున బలం కొరత లేదు. బెల్టు తీర్చే కష్టం ఈ బండికి అంతగా లేదు.

కాలం కూడా అనుకూలించలేదు. సినిమా విడుదలైన కొద్ది వారాలకే, 1973 అక్టోబరులో, పశ్చిమాసియా యుద్ధంతో చమురు సంక్షోభం మొదలైంది. కొద్ది నెలల్లోనే ముడి చమురు ధర పీపాకు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దాకా ఎగబాకింది. లీటరుకు నాలుగు కిలోమీటర్లు తగ్గించే సౌకర్యాన్ని కోరుకునే పరిస్థితి మధ్యతరగతి ఇంట లేదు. చిన్న బండి కావలసినవాడు లూనా వైపు, కుటుంబంతో వెళ్ళేవాడు గేరు స్కూటరు వైపు, బరువు మోసేవాడు పెద్ద రాజ్‌దూత్ వైపు చూశాడు. సరదా బండిగా మిగిలిన బాబీ బండి మెల్లగా తెర మరుగైంది.

పొరుగున వచ్చిన జవాబు

బెల్టు మన దేశంలో స్థిరపడింది మినీ బైకు మీద కాదు, స్కూటరు మీద. 1984లో కైనెటిక్, జపాను హోండా కంపెనీలు కలిసి మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో స్కూటర్ల తయారీకి పూనుకున్నాయి. ఆ ‘కైనెటిక్ హోండా’లో గేరు లేదు. మీట నొక్కితే స్టార్టయ్యేది. చేత్తో గేరు తిప్పడం, కాలితో కిక్కు కొట్టడం కష్టమైన ఎందరో స్త్రీలకూ, పెద్దవారికీ అది దారి చూపింది. ధర ఎక్కువే, పెట్రోలు ఖర్చూ ఎక్కువే. అయినా కొన్నవారు కొన్నారు.

1998లో ఆ భాగస్వామ్యం ముగిసింది. మరుసటి ఏడాది హోండా సొంత కంపెనీ పెట్టి హర్యానాలోని మనేసర్‌ను ఎంచుకుంది. 2001లో అక్కడి నుంచి ‘యాక్టివా’ వచ్చింది. ఇది నాలుగు స్ట్రోకుల ఇంజను కావడంతో, బెల్టు పోగొట్టే శక్తిలో కొంత భాగాన్ని ఇంజను పొదుపు పూడ్చింది. మూతపెట్టిన పెట్టెలో, గాలి వడపోతతో, గట్టి తీగల బెల్టుతో దుమ్ము సమస్యా తగ్గింది. ఆ తర్వాత గేరు స్కూటర్లు కాలక్రమంలో కనుమరుగయ్యాయి.

ఇందులో ఒక చిన్న విశేషం ఉంది. ఫరీదాబాద్ విడి జిల్లా అయింది 1979లో. అంతకు ముందు ఫరీదాబాద్, మనేసర్ రెండూ ఒకే గుర్‌గావ్ జిల్లాలో ఉండేవి. కాలితో గేరు మార్చే మినీ బైకు పుట్టిన చోటుకూ, గేరు మార్చని స్కూటరు పుట్టిన చోటుకూ మధ్య దూరం రోడ్డు మీద చూస్తే కొద్దిపాటిదే. కాలంలో చూస్తే మాత్రం దాదాపు మూడు దశాబ్దాలు.

మరి ఏది మేలు?

యంత్రాన్ని ఒంటరిగా నిలబెట్టి మార్కులు వేస్తే జవాబు దొరకదు. ఇంజను చిన్నదై, బరువు ఎక్కువై, మాటిమాటికి ఆగి బయలుదేరవలసిన దారైతే బెల్టు మేలు. సమతలంలో, ఒకే వేగంతో, తక్కువ ఖర్చుతో పోవాలంటే ఒకే నిష్పత్తి చాలు. దూర ప్రయాణం, ఘాట్ రోడ్డు, పెట్రోలు పొదుపు ముఖ్యమైతే గేరు పెట్టెను మించినది లేదు. మన లెక్కలో బెల్టు గేరు పెట్టె కంటే నూటికి ఎనిమిది పాళ్ళు ఎక్కువ శక్తిని వేడిగా పారేస్తుందన్నది నిజం. ఆ పారేసిన దానికి బదులుగా అంతకు ముందు బండి నడపలేని వారిని బండి ఎక్కించిందన్నదీ అంతే నిజం. దక్షత పట్టికలో ఈ రెండవ అంకెకు గడి ఉండదు.

ఇప్పుడు విద్యుత్ స్కూటర్లు వస్తున్నాయి. విద్యుత్ మోటారు ఎద్దులాంటిది. నిలబడిన చోటు నుంచే బలంగా లాగగలదు. అందువల్ల వాటిలో చాలావాటికి గేరూ అక్కరలేదు, వేరియేటరూ అక్కరలేదు. నూరేళ్ళకు పైగా ఇందరు ఇంజనీర్లు తలలు బద్దలు కొట్టుకున్నది పెట్రోలు ఇంజనుకున్న ఒకే ఒక్క బలహీనతను దాచడానికేనని ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది.

ఈసారి స్కూటర్ల మెకానిక్ షాపుకు వెళ్ళినప్పుడు, విప్పి ఉన్న వేరియేటర్ ఉంటే అడిగి చూడండి. బెల్టు ఏ వృత్తంలో ఎక్కువసేపు నడిచిందో కప్పీ పళ్ళాల మీద మెరుస్తున్న గీతలే చెబుతాయి. ఆ బండి ఎక్కువగా ఊళ్ళో నడిచిందో, రహదారి మీద నడిచిందో మీరే ఊహించి, ఆ తర్వాత యజమానిని అడిగి సరిచూసుకోండి.